వాటా ఎవరిది, మాట ఎవరిది?

హనుమకొండ జిల్లా ముల్కనూరులో రైతుకు పంట రుణం కావాలన్నా, విత్తనాలు కావాలన్నా, పండిన వడ్లు అమ్మాలన్నా తొక్కే గడప ఒకటే. 1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి పూనికతో పుట్టిన సహకార సంఘం అది. రైస్‌మిల్లు, జిన్నింగ్ మిల్లు సంఘానివే. సభ్యులు పైసా పైసా కూడబెట్టిన పొదుపే దానికి బలం. సొమ్ము తమది కాబట్టి లెక్కలు అడుగుతారు, అప్పు తిరిగి కడతారు. అక్కడి మహిళలు 2000లో సొంతంగా డెయిరీ పెట్టుకుని ‘స్వకృషి’ పేరుతో పాలు అమ్ముతున్నారు. పాలు పోసేదీ, పాలకవర్గంలో కూర్చునేదీ వాళ్లే.

అదే తెలంగాణలో బోధన్‌ది మరో కథ. 1937లో మొదలైన నిజాం షుగర్స్ ఒకనాడు ఆసియాలోని పెద్ద చక్కెర ఫ్యాక్టరీల్లో ఒకటి. ప్రభుత్వ సంస్థగా నష్టాల్లో కూరుకుపోయింది. 2002లో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి వెళ్లింది. 2015 డిసెంబరులో బోధన్, ముత్యంపేట, మంబోజిపల్లి ఫ్యాక్టరీలు మూడింటికీ తాళాలు పడ్డాయి. యజమాని మారినా చెరకు రైతు, కార్మికుడు గేటు బయటే ఉండిపోయారు.

విశాఖ ఉక్కు సంగతీ చూడాలి. 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలిచ్చి సాధించుకున్న ఫ్యాక్టరీ. సొంత ఇనుప గనులు మాత్రం దక్కలేదు. మొత్తం వాటా అమ్మాలని 2021 జనవరిలో నిర్ణయించిందీ ఢిల్లీయే, 2025 జనవరిలో రూ.11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించిందీ ఢిల్లీయే. భూములిచ్చిన నిర్వాసితులకూ, కొలిమి ముందు నిలబడే కార్మికులకూ ఆ రెండుసార్లూ వార్త తెలిసింది టీవీలోనే.

‘ప్రభుత్వమా, ప్రైవేటా’ అని దశాబ్దాలుగా వాదించుకుంటున్నాం. పెట్టుబడి తెచ్చే ప్రైవేటు రంగం కావాలి. లాభం లేకపోయినా పల్లెకు వెళ్లే ఆర్టీసీ బస్సూ కావాలి. ఈ వాదనలో మరుగున పడేది మూడో దారి, సహకారం.

ఆ దారిని మూసింది పరాయివాళ్లు కాదు. 1964 సహకార సంఘాల చట్టం కింద ప్రభుత్వం సంఘాల్లో వాటా పెట్టవచ్చు, పాలకవర్గాన్ని రద్దు చేయవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలకు 2013లో ఎన్నికలు జరిగాయి. అప్పుడు ఎన్నికైన పాలకవర్గాల గడువు తీరాక ఏ పార్టీ గెలిస్తే ఆ పార్టీ మనుషులతో త్రిసభ్య కమిటీలు వేస్తూ వచ్చారు. సభ్యత్వం రైతుది, కుర్చీ పార్టీది. అలాంటి సంఘంలో తన పొదుపు దాచుకోవడానికి ఏ రైతుకు మనసొప్పుతుంది?

దీనికి మందు కనిపెట్టిందీ మనమే. సర్కారు వాటా లేకుండా సంఘాలు తమ కాళ్లపై తాము నిలబడేందుకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1995లో పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం తెచ్చింది. దేశంలో అలాంటి చట్టం అదే మొదటిది. దానిలోనూ చిక్కులు లేకపోలేదు. దాని కిందికి వచ్చిన విశాఖ, గుంటూరు పాల యూనియన్లు తర్వాత ప్రొడ్యూసర్ కంపెనీలయ్యాయి. ప్రజల సాయంతో పెరిగిన ఆస్తి ఎవరికి చెందాలన్న గొడవ అక్కడే మొదలైంది. సర్కారు తప్పుకుంటే సరిపోదు, సభ్యుడు మేలుకుని ఉండాలి.

అందుకే రెండు రాష్ట్రాలూ కొన్ని పనులు వెంటనే చేయాలి. సహకార ఎన్నికలను ఏ సాకుతోనూ వాయిదా వేయకూడదు. ఏటా ఆడిట్ నివేదికను తెలుగులో, అందరికీ కనబడేలా సంఘం గోడకు అంటించాలి. సభ్యుల రహస్య ఓటు లేకుండా ఏ సంఘాన్నీ కంపెనీగా మార్చనివ్వకూడదు. బోధన్ తెరవాలన్న మాట వచ్చిన ప్రతిసారీ అధికారులు, పెట్టుబడిదారులు కూర్చునే బల్ల దగ్గర చెరకు రైతులకూ కుర్చీలు వేయాలి. ముల్కనూరు రైతులు తమ సంఘం లెక్కలు తామే చూసుకుంటూ డెబ్బై ఏళ్లుగా నెగ్గుకొస్తున్నారు. బోధన్ రైతులకు ఆ అవకాశం ఒక్కసారైనా ఇచ్చి చూడాలి.