పాతకారు గట్టిదా? క్రొత్తకారు గట్టిదా?

విజయనగరమునందును శ్రీకాకుళమునందును పెద్దలు అంబాసిడరుకారును తలచినప్పుడెల్ల "అది ఇనుము! నేటి కార్లు రేకుడబ్బాలు" అనుట మనమెఱిగినదే. వారి ప్రేమ నిష్కారణము కాదు. మారిస్ ఆక్స్‌ఫర్డను ఇంగ్లీషుకారు ననుసరించి, హిందూస్థాన్ మోటార్సువారు బంగాళమున ఉత్తరపారయందు 1957 మొదలు 2014 వఱకు దానిని నిర్మించిరి. అది పెండ్లివారిని ఎనమండుగురిని మోసెను, గుంతలబాటలకు వెఱవలేదు, చిన్నయూరి మెకానిక్కునకు సైతము దాని మరమ్మతు సులభమే. ఈ గుణములను మేమును శ్లాఘింతుము.

అయినను గట్టితనమును గూర్చిన మాటను మేమంగీకరింపజాలము. 2009వ సంవత్సరమున అమెరికాలోని రహదారి భద్రతా బీమా సంస్థవారు తమ ఏబదవ వార్షికోత్సవ సందర్భమున ఒక పరీక్ష గావించిరి. 1959 నాటి షెవర్లే బెల్ ఏర్ కారును, 2009 నాటి షెవర్లే మాలిబు కారును, గంటకు సుమారు 64 కిలోమీటర్ల వేగమున ఎదురెదురుగా ఢీకొట్టించిరి. మనుష్యులకు బదులు బొమ్మల నుంచిరి. పాతకారులో కూర్చుండు చోటే నలిగిపోయెను; అచ్చట మనుష్యుడున్నచో మరణించియుండునని తేలెను. క్రొత్తకారులోని బొమ్మకు కాలికి మాత్రమే స్వల్పగాయము. ఏలయన, క్రొత్తకారు ముందుభాగము తాను నలిగి, తాకిడిని మ్రింగి, లోనివారిని కాపాడునట్లు నిర్మింపబడినది. పెద్దలు లోపమని తలచునదియే దాని గుణము.

అట్లని క్రొత్తకారు కొన్నంతనే క్షేమము చేకూరునా? పాఠశాల ద్వారముకడ మేము చూచుచున్నదేమి? బిడ్డ ముందుసీటున పెద్దల యొడిలో నుండును. వెనుకవారు బెల్టును ముట్టనే ముట్టరు. తాకిడి తగిలినంతనే ఉబ్బు గాలిసంచి బెల్టునకు తోడే గాని బదులు కాదు; ముందుసీటులోని పసివానికి అదియే అపాయము కాగలదు. వెనుకసీటువారికిని బెల్టు చట్టవిహితమే.

మఱియొక విశేషము. ఆ పాత షెవర్లే వెలువడిన 1959వ సంవత్సరముననే, స్వీడను దేశపు వోల్వో కంపెనీ ఇంజనీరు నీల్స్ బోలిన్ కల్పించిన మూడుకొనల బెల్టు కార్లలో ప్రవేశించెను. కావున బెల్టును నేటి వింతయని త్రోసివేయ వీలులేదు. అది మన అంబాసిడరు ఈడుదే.

ప్రియ విద్యార్థులారా! తాతగారి కారును ప్రేమింపుడు. తండ్రిగారి కారెక్కినంతనే బెల్టు పెట్టుకొనుడు. వారు మఱచినచో వినయముతో జ్ఞాపకము చేయుడు. తల్లిదండ్రులారా! బిడ్డ చెప్పినదని చిన్నబుచ్చుకొనక ఆ మాట వినుడని మా ప్రార్థన.