తుపాకి మందుకు గుప్పెడు లెక్క తగదు

బంగారం కొనేటప్పుడు గురిగింజ ఎత్తు తేడా వచ్చినా రైతు ఒప్పుకోడు. ఎరువు బస్తాను కాటా వేయించి గాని బండి ఎక్కించడు. పాలు గిద్ద తగ్గితే ఇల్లాలు నిలదీస్తుంది. అయితే అదే ఇంట్లో పంట కాపలాకు ఉంచిన మందుకూరే తుపాకి దగ్గరకు వచ్చేసరికి ఈ లెక్కలేవీ కనిపించడం లేదు. అరచేతిలో పట్టినంత మందు పోయడం, చాలదనిపిస్తే మరో చిటికెడు వేయడం చాలాచోట్ల అలవాటుగా సాగుతోంది. తూకం తప్పితే నష్టపోయేది డబ్బు కాదు, కన్నూ చెయ్యీ అన్న సంగతి మరువరాదు.

అడవి పందుల బెడద ఉన్న గ్రామాలలో నిజమైన పంట రక్షణ అవసరానికి మందుకూరే తుపాకి లైసెన్సు పొందే వీలు 1959 నాటి ఆయుధ చట్టంలోనే ఉంది. వేరుశెనగ, మొక్కజొన్న చేలలో రాత్రింబవళ్లు కాపలా ఉండే రైతుల అవసరాన్ని కాదనలేము. లైసెన్సు చేతికి వచ్చాక ఆ తుపాకిని ఎలా వాడాలో చెప్పేవారు లేకపోవడమే అసలు లోపం.

తుపాకి మందు సూరేకారం, గంధకం, బొగ్గుల మిశ్రమం. గొట్టంలో అది మండినప్పుడు పుట్టే వాయువుల ఒత్తిడే గుళ్లను ముందుకు నెడుతుంది. మందు ఎక్కువైతే ఆ ఒత్తిడి గొట్టం గోడల మీద పడుతుంది. గొట్టం పగిలితే మొదట దెబ్బతినేది దాని కింద పట్టుకున్న చెయ్యి, తర్వాత ముఖం. మందు తక్కువైతే గుళ్లు దగ్గరలోనే రాలిపోతాయి. చెమట పట్టిన అరచేతి తడి తగిలితే మందు సరిగా అంటుకోదు కూడా.

దీనికి పెద్ద యంత్రమేమీ అక్కరలేదు. ఒక పక్క మూసిన చిన్న ఇత్తడి గొట్టం చాలు. నల్లని తుపాకి మందును ఇలా పరిమాణం చూసి కొలవడమే ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. కొలతను అంచు వరకు సమంగా నింపాలి. గోపురంలా పోయరాదు, వేలితో అదిమి పెట్టరాదు. ఎంత మందు పట్టాలన్నది తుపాకి తయారు చేసినవారు గాని, లైసెన్సు ఉన్న వ్యాపారి గాని చెప్పిన ప్రకారమే నిర్ణయించుకోవాలి. పొరుగువాని తుపాకి కొలత మన తుపాకికి పనికిరాదు. ఒక తుపాకికి ఒకే కొలత, ఆ కొలత ఆ తుపాకితోనే ఉండాలి.

మందు డబ్బా నుంచి నేరుగా గొట్టంలోకి ఒంపడం మరీ ప్రమాదం. ముందు పేలుడు తాలూకు నిప్పురవ్వ లోపల మిగిలి ఉంటే డబ్బా మొత్తం చేతిలోనే పేలుతుంది. కొలతలో పోసి, డబ్బా మూత పెట్టి దూరంగా ఉంచిన తర్వాతే గొట్టంలో పోయాలి. ఆ దరిదాపుల్లో బీడీ, లాంతరు ఉండరాదు. మందు దట్టించే కడ్డీ మీద ఒక గీత పెట్టుకుంటే, గొట్టంలో ఇదివరకే మందు ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది. మరచిపోయి రెండుసార్లు కూరే ప్రమాదం తప్పుతుంది.

కారతూసులు విప్పి అందులోని మందును ఈ తుపాకులలో పోయడం ప్రాణాంతకం. అది పొగ రాని మందు. అదే కొలతకు దాని బలం ఎన్నో రెట్లు. పాత గొట్టం దానికి ఆగదు. అమెరికాలో కాల్చిన కారతూసులను ఇంటివద్ద తిరిగి నింపుకునే వారున్నారు. వారు మందును గ్రెయిన్లలో తూస్తారు. మన పాత తులం 180 గ్రెయిన్లు. అంటే తులంలో 180వ వంతు ఒక గ్రెయిన్. అందులోనూ పదో వంతు తేడా కోసం వారు జాగ్రత్తపడతారు. మందును కొలిచి పోసే సాధనాలున్నా, వాటిని నమ్మి ఊరుకోక కాటా మీద తూచి చూస్తారు. గాలికి ముల్లు కదలకుండా ఫ్యాను ఆపుతారు, తెలిసిన తూకపురాయితో కాటాను సరిచూస్తారు. మందు రకం మారితే కొలతను మళ్లీ మొదటినుంచి సవరిస్తారు. అన్ని సాధనాలున్నవారే అంత భయపడుతుంటే అరచేతి లెక్కను ఏమనాలి?

"తాతల నాటి నుంచి ఇలాగే కూరుతున్నాం, ఏమీ కాలేదు" అనేవారున్నారు. తాత వాడిన రోజున గొట్టం కొత్తది. ఏళ్ల తరబడి తుప్పు తిని పలుచబడిన గొట్టం ఆనాటి దెబ్బను ఈనాడు తట్టుకోకపోవచ్చు.

లైసెన్సు లేని నాటు తుపాకుల సంగతి వేరు. వాటిని దగ్గర పెట్టుకోవడమే నేరం. 2019 సవరణతో రెండు నుంచి ఐదేళ్ల జైలుశిక్ష, జరిమానా విధించే వీలుంది. మందును దొంగచాటుగా తయారు చేయడమూ, కొనడమూ తగదు. పైగా లైసెన్సు ఉన్నంత మాత్రాన వన్యప్రాణులను చంపే హక్కు వచ్చినట్టు కాదు. నెమలి మీద గురిపెట్టినవాడు 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం కింద నేరస్థుడే.

2016 నాటి ఆయుధ నిబంధనలు సురక్షితంగా తుపాకి వాడే శిక్షణ గురించి చెబుతున్నాయి. పంట కాపలా తుపాకులున్న రైతులకు ఆ శిక్షణలో మందు కొలత కూడా నేర్పాలి. లైసెన్సు పునరుద్ధరణ సమయంలో కాగితాలతోపాటు గొట్టం పరిస్థితిని, కొలతను కూడా పరిశీలించాలి. అమ్మే వ్యాపారి తుపాకికి తగిన కొలతను విధిగా ఇచ్చేట్లు చూడాలి. కాస్త ఇత్తడి ఖర్చుతో పోయే ఈ ప్రమాదాన్ని ఉపేక్షించడం న్యాయం కాదు. సంబంధిత అధికారులు వెంటనే ఈ విషయమై శ్రద్ధ వహించాలి. అందాకా ఆగకుండా రైతులు తమంతట తామే ఈ పంట కాలం నుంచే గుప్పెడు లెక్కకు స్వస్తి చెప్పాలి.