స్తంభాల్లేని కేకు

సినిమాలో అంతస్తులు అంతస్తులుగా కేకు కనిపించగానే నోరూరుతుంది కదూ? ఆగండి గురూ! చాలాసార్లు అందులో హీరో కత్తి దిగే ముక్క ఒక్కటే అసలుది. మిగతాదంతా థర్మోకోల్ మీద పూత! అందుకే ఎన్ని లైట్లు వేసినా, ఎన్ని టేకులు తీసినా అది కిమ్మనదు.

అసలు కేకు అలా కాదు. పోయిన మే నెలలో గుంటూరులో నా మిత్రుడి చెల్లెలి పెళ్ళి. చర్చిలో పెళ్ళి కాబట్టి కేకు ఉండాల్సిందే. వాళ్ళ నాన్నగారు తాపీ మేస్త్రి. బేకరీలో చెప్పిన ధర వినేసరికి "నేనే చేస్తా" అని నడుం కట్టింది వాళ్ళ అక్క. 12, 9, 6 అంగుళాల కేకులు మూడు, పైన వెన్న ఐసింగు. వారం ముందు ట్రయల్ వేసి, ఒకదానిమీద ఒకటి పెట్టి పడుకున్నారు. తెల్లారి చూస్తే ఏముంది... పై రెండూ ఓ పక్కకి కుంగి, కిందిది చితికిపోయి ఉంది! మగపెళ్ళివారి ముందు తలవంపులే అని అక్క కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

మేస్త్రిగారు తీరిగ్గా చూసి, "స్తంభాల్లేకుండా స్లాబు వేస్తారటమ్మా?" అన్నారు.

కిటుకంతా అదే! పై కేకు బరువుని కింది కేకు మొయ్యకూడదు, పుల్లలు మొయ్యాలి. ముందు ప్రతి కేకు అడుగునా దాని సైజుకే కోసిన గట్టి అట్ట ఉండాలి. తర్వాత కింది కేకులో, పైన కూర్చునే అట్ట అంచుకి కాస్త లోపలగా పుల్లలు గుచ్చాలి. కిందిదానికి ఆరు, మధ్యదానికి నాలుగు. ఒక పుల్ల నిలువునా దించి, ఐసింగు మట్టానికి గీత పెట్టి, బయటికి తీసి, మిగతావన్నీ సరిగ్గా ఆ కొలతకే కొయ్యాలి. ఒక్కటి పొడుగైందా, కేకు ఒరిగిందే! మేస్త్రిగారు వెదురు పుల్లలు నున్నగా చెక్కి, కడిగి, ఆరబెట్టి ఇచ్చారు. పైగా రసమట్టం పెట్టి మరీ చూశారు!

అన్నట్టు, 1947లో ఇంగ్లండు రాకుమారి ఎలిజబెత్ పెళ్ళి కేకు నాలుగంతస్తులు, 9 అడుగుల ఎత్తు, 500 పౌన్ల బరువు. దానికీ స్తంభాలే దిక్కు.

మే ఎండకి వెన్న నిలవదని అక్క ఐసింగులో సగం వనస్పతి కలిపింది. రుచి కాస్త తగ్గింది, ఏం చేస్తాం! కేకులు మూడూ మూడు పెట్టెల్లో, విడివిడిగా ఆటోలో వెళ్ళాయి. చిన్నది మావాడి ఒళ్ళో. స్పీడు బ్రేకరు వచ్చినప్పుడల్లా వాడు "యేసయ్యా" అనడమే! పేర్చడమంతా హాల్లోనే.

సాయంత్రం దాకా కేకు బొమ్మలా నిలబడింది. కొయ్యడం మొదలుపెట్టాక మేస్త్రిగారు పక్కనే నిలబడ్డారు. లెక్కపెట్టి పది పుల్లలూ బయటికొచ్చేదాకా ఒక్క ముక్క కూడా ఎవరికీ ఇవ్వనివ్వలేదు, వియ్యంకుడిగారికి సైతం!