వృద్ధుల భుజభంగము – ఇంటి వ్యాయామము

వయసు మీఱినకొలది యెముకలు గుల్లబాఱును. వాకిట జాఱి చేయి యానించినంతనే భుజము నొద్ద నెముక విఱుగును. స్త్రీలయం దిది మఱింత హెచ్చు. ఎముక యతుకుకొనుటతో కార్యము ముగిసినదని మనవారు తలంతురు. కాని కీలు బిగిసినచో నా వృద్ధురాలు తల దువ్వుకొనలేదు, రవిక తొడుగుకొనలేదు. పరాధీనత యచ్చటనే యారంభమగును.

ఇట్టి విఱుగుళ్లలో పెక్కింటికి శస్త్రచికిత్స యక్కఱలేదు. బ్రిటనులోని 32 ఆసుపత్రులలో స్థానము తప్పిన విఱుగుళ్లు గల 250 మందిపై జరిగి, 2015లో ప్రకటింపబడిన పరీక్షలో, శస్త్రచికిత్స పొందినవారికిని పొందనివారికిని రెండేండ్లలో చెప్పదగిన భేదము కానరాలేదు. శస్త్రము చేసినను మానినను వ్యాయామము మాత్రము తప్పదు. దానిని నిపుణుని యెదుటనే చేయవలయునా, యింట చేసిన చాలునా? స్థానము తప్పని విఱుగుళ్లను గూర్చి స్వీడనులో 1979లో వెలువడిన పరిశోధన, నేర్చుకొని స్వయముగ సాధన చేసినవారును, నిపుణునికడ చేసినవారును ఇంచుమించు సమముగనే కోలుకొనిరని తేల్చినది.

కొల్లాపూరు ప్రాంతమున కిది శుభవార్త. కృష్ణ యొడ్డునను, నల్లమల యంచునను గల పల్లెలనుండి చేయి మెడకు గట్టుకొని మాటిమాటికి బస్సెక్కి నాగర్‌కర్నూలునకో హైదరాబాదునకో పోవుట వృద్ధులకు చికిత్స గాదు, శిక్ష. తోడు వచ్చువాని దినకూలియు పోవును.

అయినను "ఇంట చేసికొనుము" అని చీటీ చేతికిచ్చి పంపుట గృహవ్యాయామము కానేరదు. ఇల్లే వైద్యశాల యనుట సులభము. ఆ యింట నెవరున్నారు? పాలమూరు బిడ్డలు వలసపోయిన యిండ్లలో ముసలివా రొంటరిగ మిగిలియున్నారు. నొప్పికి వెఱచి చేయి కదల్పనివారికి ధైర్యము చెప్పువా రెవ్వరు? బలవంతముగ లాగి మర్దించువారి నాపువా రెవ్వరు?

కావున మూడు పనులు జరుగవలెను. ముందుకు వంగి చేతిని గడియారపు లోలకమువలె వ్రేలాడదీసి యూపుట, పిదప వ్రేళ్లను గోడపై ప్రాకించుట మున్నగువానిని, ఏది యెప్పుడు మొదలిడవలెనో తెలిపి, రోగికిని ఇంటివారికిని చేసి చూపవలెను. వారిచే చేయించి చూడవలెను. నిర్ణీత దినమున మరల పరీక్షించి, నడుమ ఫోనున విచారింపవలెను. ఒంటరులకు, మఱపు గలవారికి, శస్త్రచికిత్స పొందినవారికి నిపుణుని పర్యవేక్షణ ముండవలెను. చేయి తిమ్మిరియెక్కిన వెంటనే వైద్యునికడకు పంపవలెను.

నాగర్‌కర్నూలున 2022లో వైద్యకళాశాల వెలసినది. వారమున కొక నియతదినము నిపుణుడు కొల్లాపూరునకు వచ్చి, కదలలేనివారి యిండ్లకు పోవునట్లు చేయుట ప్రభుత్వమునకు దుర్భరము కాదు. ఊరిపెద్దలు దీనిని గట్టిగ నడుగవలెను. ఆసుపత్రి భారము తగ్గించుకొనుటకై యింటిని వైద్యశాల యనరాదు. వైద్యము గడపదాక నడచివచ్చిననే యా పేరు చెల్లును.