పట్టికకు ఆకేదో, ముఖమేదో తెలియదు

ఒక్క నొక్కుతో ఫొటోకు సినిమా కళ తెస్తామంటూ అమ్ముడవుతున్న ‘లట్’ ఫైళ్లలో మాయేమీ లేదు. లట్ అంటే లుక్ అప్ టేబుల్. ఒక రకంగా ఎక్కాల పుస్తకమే. ఏడు ఎనిమిదులు ఎంతో కూడిక చేయకుండానే 56 అని చెప్పేస్తాం కదా! ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ కూడా అంతే. ప్రతి పిక్సెల్‌లోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంకెలు చూసి, వాటికి ఎదురుగా పట్టికలో ఉన్న కొత్త అంకెలు పెడుతుంది.

మామూలు 8 బిట్ ఫొటోలో సాధ్యమయ్యే రంగులు 1,67,77,216. అన్నింటికీ పట్టిక రాస్తే ఫైలు మరీ పెద్దదవుతుంది. అందుకే ఒక్కో రంగుకు 33 మెట్లు పెట్టుకుని, 35,937 గళ్లతో సరిపెట్టడం పరిపాటి. మధ్యలో పడే రంగులను చుట్టూ ఉన్న గళ్ల నుంచి లెక్కగడతారు. ముచ్చటైన పొదుపు!

నా పేచీ మరోచోట. పట్టికకు అంకెలే తెలుసు. అవి ఏ వస్తువువో తెలియదు. మట్టికుండ గోధుమరంగు, మనిషి చెంప గోధుమరంగు ఒకే అంకెలైతే రెండూ ఒకేలా మారతాయి. పైగా చాలా లట్‌లు ‘లాగ్’ వీడియో కోసం, అంటే కావాలనే వెలిసినట్టు చిత్రీకరించిన దృశ్యాల కోసం తయారైనవి. అలాంటిదాన్ని ఫోన్ ఫొటోకు తగిలిస్తే నీడలు మసిబారతాయి, చామనఛాయ ముఖం ఇటుకరంగుకు తిరగవచ్చు.

పెళ్లి ఫొటోలో అది అభిరుచి సంగతి. తీవ్రత సగానికి తగ్గిస్తే చాలాసార్లు సర్దుకుంటుంది కూడా. పంట ఫొటో అలా కాదు. వరికి నత్రజని ఎరువు ఎప్పుడు వేయాలో తేల్చడానికి రైతులు ఆకు రంగు పట్టిక వాడతారు. లేత నుంచి ముదురు దాకా ఆకుపచ్చ పట్టీలుంటాయి. ఒంటి నీడలో ఆకును వాటితో పోలుస్తారు. ఆకుపచ్చను పసుపు వైపు లాగే లట్ వేసిన ఫొటో సలహాకు వెళ్తే, బలంగా ఉన్న పైరూ ఆకలిగా కనిపిస్తుంది. రెండు వేర్వేరు పచ్చలు ఒకే రంగులో కలిసిపోతే, తర్వాత వాటిని విడదీసే దారి లేదు.

అందుకే పంట, చర్మవ్యాధి, నేల ఫొటోలకు లట్ వేయకూడదనీ, ప్రచురణకు వేయక తప్పకపోతే కింద ఆ మాట రాయాలనీ, అసలు ఫైలు దాచాలనీ నా వాదన. పొలంలోనైతే ఇంకో ఉపాయం ఉంది. ఆకు పక్కనే రంగు పట్టికనూ పెట్టి ఫొటో తీయండి. ఆ తర్వాత ఎవరు ఏ లట్ తగిలించినా రెండూ కలిసే మారతాయి, పోలిక చాలావరకు మిగులుతుంది.