ఉర్దూ రాకపోతే ముసల్మాన్ కాదా? మాల్టాని అడుగుదాం



పోయిన నెల మరిపెడలో ఒక రిష్తా మాటలకి నన్నూ పిలుచుకుపోయారు. పిల్ల డిగ్రీ చదివింది. ఐదు పూటలా నమాజు తప్పదు. రెండుసార్లు ఖురాన్ ఖతమ్ చేసింది. చాయ్ తాగడం అయ్యాక అబ్బాయి తరపు పెద్దమనిషి, ఇంట్లో ఏ జబాన్ మాట్లాడతారని అడిగాడు. పిల్ల తండ్రి తల వంచుకుని "తెలుగే భాయ్, మేం నూర్‌బాషాలం" అన్నాడు. ఏదో తప్పు ఒప్పుకుంటున్నట్టు! మాటలు అక్కడితో ఆగిపోయాయి. బయట ఖమ్మం రోడ్డు మీద ఆటో కోసం నిలబడ్డప్పుడు ఆ పెద్దమనిషి నాతో అన్న మాట ఇది: "ఉర్దూ నై ఆతీ తో కాయ్కే ముసల్మాన్?"

ఆ రోజు నాకు జవాబు తోచలేదు. తర్వాత తోచింది, అదీ మాల్టా నుంచి.

మా భాంజా అక్కడ బండి మీద ఇంటింటికీ ఖానా డెలివరీ చేస్తాడు. వెళ్లిన కొత్తలో ఫోన్ చేసి, "మామూ, ఇక్కడోళ్లు దేవుణ్ని అల్లా అంటరు, కానీ పోయేది చర్చికి!" అన్నాడు. మజాక్ చేస్తున్నాడనుకున్నా. చదివి చూస్తే హకీకత్ అదే.

మాల్టా మధ్యధరా సముద్రంలో, సిసిలీకి దక్షిణాన ఉన్న చిన్న జజీరా. మొత్తం కలిపి 316 చదరపు కిలోమీటర్లు, మన దగ్గర రెండు మూడు మండలాలంత. 870లో అగ్లబీ ఫౌజ్ దాన్ని గెలిచింది. ఆ తర్వాత అక్కడ అరబ్బీ నిలిచింది. పాత రాజధాని పేరు ఇమ్దీనా, అంటే మదీనా. దాని పక్క ఊరు రబాత్. ఆ రబాత్‌లో ఒక పాత రోమన్ ఇంటి శిథిలాల మీదే ముస్లింల ఖబ్రస్తాన్ బయటపడింది. ఇప్పటికీ వాళ్లకి పుస్తకం 'క్తీబ్', మాట 'కెల్మా', చావు 'మెవుత్', లోకం 'దిన్యా'. మన నానీ దాదీలకి వినిపిస్తే సగం అర్థమైపోతుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఈస్టర్‌కి ముందు క్రైస్తవులుండే నలభై రోజుల ఉపవాసాల్ని వాళ్లు 'రందాన్' అంటారు. ఆ మాట రమజాన్ నుంచి వచ్చిందే. ఈస్టర్ పండగని 'ఐద్' అంటారు. మరియమ్మకి చేసే దువా 'స్లీమ్ ఆలిక్' అంటూ మొదలవుతుంది, అంటే నీకు సలాం. అరబ్బీ లఫ్జులు అట్లనే ఉన్నాయి, దీన్ మాత్రం వేరే.

ఎట్లా అయింది ఇది? 1091లో నార్మన్లు వచ్చారు. ముస్లింలు వెంటనే పోలేదు. గోజో జజీరా మ్యూజియంలో మైమూనా అనే ఆడపిల్ల సమాధి రాయి ఉంది. హిజ్రీ 569 షాబాన్ నెల, అంటే 1174, ఆమె వఫాత్ అయిన తారీఖు. కూఫీ అక్షరాల్లో చెక్కారు. నార్మన్లు వచ్చి 83 ఏళ్లైనా అక్కడ ఒక తండ్రి తన బేటీ కోసం అరబ్బీలో రాయి చెక్కించుకోగలిగాడన్నమాట. 13వ శతాబ్దంలో ముస్లింలని వెళ్లగొట్టారు. ఉండిపోయినవాళ్లు మతం మారారు. జబర్దస్తీ జరిగిందని మీరంటారు. జరిగింది, కాదనను. అంత జబర్దస్తీలోనూ జబాన్ బతికింది, ఈమాన్‌ని మాత్రం కాపాడలేకపోయింది. నేను చెప్పేది అదొక్కటే.

ఇంకో తమాషా. అరబ్బుల ఔలాద్ అనిపించుకోవడం ఇష్టం లేని మాల్టా పండితులు, మా భాష అరబ్బీ కాదు, అంతకన్నా పాత ఫినీషియన్లదని ఎన్నో ఏళ్లు వాదించారు. మన దగ్గర దీనికి ఉల్టా. తెలుగు నేల మీద పుట్టిన తాతముత్తాతల్ని దాచిపెట్టి, మా ఖాన్‌దాన్ బగ్దాద్ నుంచి వచ్చింది, ఇరాన్ నుంచి వచ్చింది అంటాం. ఆ రోగమూ ఈ రోగమూ ఒకటే, భాయ్.

మాల్టాలో శతాబ్దాల పాటు పత్తే పెద్ద వ్యాపారం. పత్తిని వాళ్లు 'ఓటన్' అంటారు, అరబ్బీ ఖుత్న్ నుంచి వచ్చిన మాట. ఇక్కడ పత్తి ఏకి మన పరుపులు, రజాయిలు నింపిన చేతులు నూర్‌బాషాలవి. రమజాన్‌లో సహరీకి లేచారు, జనాజాలకి భుజం పట్టారు, పిల్లలకి కల్మా నేర్పారు. అంతా తెలుగులోనే. అరబ్బీ మాట్లాడే జజీరాలో జారిపోయిన దీన్ తెలుగు మాట్లాడే గుడిసెలో నిలిచింది. అటువంటివాళ్లకి మనం సర్టిఫికెట్ ఇవ్వాలా? సర్కార్ కాగితాల్లో వాళ్లు బీసీ-బీ, మిగతా పేద ముస్లిం బిరాదరీలు చాలావరకు బీసీ-ఈ. అల్లా దగ్గర ఏ లిస్టూ లేదు. కేరళ మాపిళ్లలు మలయాళంలో, బెంగాల్ ముస్లింలు బంగ్లాలో మాట్లాడుకుంటారు. వాళ్లని అడిగే హిమ్మత్ ఎవరికీ లేదు, మన ఊళ్లో పేదోడే దొరుకుతాడు.

ఉర్దూ నాకు అమ్మీ జబాన్. దాన్ని వదలమనను. మా పిల్లలకి అలిఫ్ బే రాకపోతే నాకూ గుండె కలుక్కుమంటుంది. కానీ దాన్ని మస్జిద్ గేటుకి తాళం చేయకండి. జుమ్మా రోజు ఖుత్బా అరబ్బీలోనే కానివ్వండి. దానికి ముందు అరగంట బయాన్ ఉర్దూలో సాగుతుంటే వెనక సఫ్‌లో తెలుగు మీడియం పిల్లలు ఫోన్లు చూసుకుంటున్నారు. తప్పు వాళ్లదా? నెలకి రెండు జుమ్మాలు తెలుగులో బయాన్ పెట్టమని కమిటీని అడగబోతున్నా. తోడు వచ్చేవాళ్లు రండి.

అన్నట్టు, ఆ పిల్లకి ఇంకా రిష్తా కుదరలేదు. మంచి అబ్బాయి ఎవరైనా ఉంటే చెప్పండి. వాళ్లింట్లో తెలుగే మాట్లాడతారని ముందే చెప్పేస్తున్నా.