జూదానికి పద్దు వ్రాసుకోమనే సలహా

పేకాటలో కొత్తగా దిగేవారికి ఇప్పుడొక సలహా గట్టిగా వినిపిస్తున్నది. ఆటకంటూ కొంత సొమ్ము విడిగా పెట్టుకోవాలట. దానికి ‘బ్యాంక్‌రోల్’ అని పేరు. అందులో ఇరవయ్యో వంతుకు మించి ఒక ఆటలో పెట్టరాదట. రోజుకింత అని నష్టానికి హద్దు గీసుకుని, ఆ హద్దు చేరగానే లేచిపోవాలట. పోకరు ఆటగాళ్ల ఈ సూత్రాన్ని మా విడవలూరు యువకులు రమ్మీకి అన్వయించి, తాము జూదరులము కామనీ, పెట్టుబడి పెట్టినవారమనీ నాతో వాదిస్తున్నారు. రొయ్యల గుంటకు మేత ఖర్చు లెక్క వేసుకోవడం లేదా అంటున్నారు.

ఆ పోలిక చెల్లదు. తెల్లమచ్చల వ్యాధి సోకి గుంట తుడిచిపెట్టుకుపోవచ్చు, నిజమే. కాని పంట దక్కిన ఏడు బయటి సొమ్ము ఊరిలోకి వస్తుంది. పేకముక్కల మీద ఏదీ పండదు. కూర్చున్నవారి సొమ్మే చేతులు మారుతుంది, నడిపేవాడు తన వాటా తీసుకుంటాడు.

లెక్క మీరే వేయండి. మీ బ్యాంక్‌రోల్ 5,000 రూపాయలు, పందెం అందులో ఇరవయ్యో వంతు, అంటే 250 అనుకుందాం. ఎదుటివాడూ మీపాటి ఆటగాడే. కుప్పలో పడిన 500లో నిర్వాహకుడు నూటికి పది చొప్పున తీసుకుంటే 50 పోతుంది. అంటే సగటున ప్రతి ఆటకూ మీకు 25 నష్టం. 200 ఆటలలో చేయి ఖాళీ. సొమ్ము తగ్గేకొద్దీ పందెమూ తగ్గిస్తే మరికొన్నాళ్లు లాగవచ్చు, కాని పోయే దిక్కు మారదు. ఈ సూత్రం ఎదుటివారి కంటె నిజంగా మెరుగైన ఆటగాడిని దురదృష్టం నుండి కాపాడుతుంది. అతని విషయంలో అది సరైన గణితమే. కొత్తవాడు తాను మెరుగో కాదో తెలుసుకోవడానికే వేల ఆటలు పడతాయి. అంతవరకు సొమ్ము ఎవరిది?

‘రమ్మీ నైపుణ్యపు ఆట అని సుప్రీంకోర్టే చెప్పింది కదా’ అని మరొక వాదం. చెప్పింది. సికింద్రాబాదు క్లబ్బు ఒకదాని మీద వచ్చిన సత్యనారాయణ కేసులో, 1967 నవంబరులో. మూడు ముక్కలాటను కేవలం అదృష్టమన్నది, రమ్మీలో జ్ఞాపకశక్తికీ నేర్పుకూ ప్రాధాన్యముందన్నది. అయితే పందెపు ఆట నుండి క్లబ్బు యజమాని లాభం తీస్తున్నట్లు సాక్ష్యముంటే నేరం కావచ్చునని కూడా అదే తీర్పులో ఉన్నది. ప్రకటనలవారు ఆ వాక్యాన్ని ఎన్నడూ ప్రచారం చేయలేదు!

ఇక వైద్యుడిగా నా అసలు అభ్యంతరం. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ, ఐసీడీ-11, జూద వ్యసనానికి మూడు లక్షణాలు చెబుతుంది: ఆట మీద అదుపు తప్పడం, మిగిలిన బ్రతుకు కంటె ఆటే ముఖ్యమైపోవడం, హాని కనబడుతున్నా ఆపలేకపోవడం. హద్దు గీసుకుని లేచిపొమ్మనే సలహా దేని మీద ఆధారపడి ఉన్నదో చూశారా? ఈ వ్యాధి మొట్టమొదట హరించే అదుపు మీదనే. ఎప్పుడు గెలుపు వస్తుందో తెలియని ఆట మెదడును కట్టివేసినంతగా, రోజూ ఖాయంగా వచ్చే కూలి కట్టివేయదు. కాలు విరిగినవానికి పరుగెత్తే పద్ధతి నేర్పడమెందుకు? (పార్కిన్‌సన్స్ వ్యాధికి ప్రమిపెక్సోల్, రోపినిరోల్ వాడేవారిలో కొందరికి ఉన్నట్టుండి జూదం మీద ఆపుకోలేని కోరిక పుడుతుంది. మీ ఇంట పెద్దవారిలో అది గమనిస్తే, మందు మీరుగా మానిపించక, వ్రాసిన వైద్యునికి వెంటనే చెప్పండి.)

2020లో మన రాష్ట్రం ఆన్‌లైన్ రమ్మీని, పోకరును నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు నైపుణ్యమా, అదృష్టమా అన్న భేదం లేకుండా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం చేసింది. తోటలలోని ఆట మాత్రం సెల్‌ఫోనుతో మొదలైనది కాదు, దానితో పోయేదీ కాదు.

ఇంటిలో ఎవరైనా పోయిన సొమ్ము రాబట్టడానికే మళ్లీ ఆడుతున్నా, ఆట గురించి అబద్ధమాడుతున్నా, ఆపిన రోజున చిరాకుతో వేగిపోతున్నా పద్దు పుస్తకం చేతికివ్వకండి. 14416కు ఫోను చేయండి. అది కేంద్ర ప్రభుత్వపు టెలీ మానస్, రాత్రింబవళ్లు ఉచితంగా పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు. అప్పు తీర్చవలసి వస్తే ఆ సొమ్ము అతని చేతికి కాక, అప్పిచ్చినవారికే నేరుగా చెల్లించండి.